ఎవరి సరే వాళ్ళది

మన భాషలో 'సరే' అన్నంత గడుసు మాట ఇంకోటి లేదు. మొగుడూపెళ్ళాల మధ్య అంటే ఇక ఊరుకోమని. బేరం దగ్గర అంటే ఇంకో మాట చెప్పమని. పిల్లలు అంటే అసలు వినలేదని. డాక్టరు ముందు కూర్చుని ఎవరైనా అంటే దానికి అర్థమేమిటో మాత్రం ఇంతవరకు తేలలేదు. అది తేల్చడానికే ఎరుక పట్టీ పుట్టిందని హెలెన్ సుగుణ మేడమ్ చెప్పినప్పుడు దమయంతి మనసారా నమ్మింది.

దమయంతి కిడ్నీ వైద్యురాలు. ఆమె పుట్టిన కొబ్బరితోటల సీమలో ఇంటికొకరు కిడ్నీలు పాడై మంచం పడుతున్నారు. ఎందుకో ఏ పరీక్షలోనూ అంతుపట్టడం లేదు. ఆ జబ్బుని ముదరకుండా చూస్తుందని ఆశపెట్టే కొత్త మందు ఒకటి తయారైంది. దాన్ని మనుషుల మీద పరీక్షించి చూడాలి. సగంమందికి మందు, సగంమందికి మందులాగే కనబడే ఉత్త బిళ్ళ. ఎవరిది ఏదో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు. ఆ పనికి దిగేముందు డాక్టర్లంతా పరిశోధన నీతిలో శిక్షణ పొందాలని ఖర్చు పెట్టుకునే విదేశీ సంస్థ షరతు పెట్టింది. పేద దేశాల డాక్టర్లకి మందివ్వడం వచ్చుగానీ మనిషిని అడగడం రాదని వాళ్ళ ఉద్దేశం. ఆ ఉద్దేశం తప్పని దమయంతి కూడా అనుకోలేదు.

హెలెన్ సుగుణ గుంటూరు వైపు మనిషి. మందుల శాస్త్రంలో ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యాక ఈ శిక్షణ పని నెత్తికెత్తుకుంది. గొంతు పట్టేయకుండా చేతిసంచిలో ఎప్పుడూ అల్లం మురబ్బా పెట్టుకుంటుంది. మొదటిరోజు హాల్లో అందరినీ ఒకసారి కలయజూసి, ముక్క ఒకటి బుగ్గన పెట్టుకుని మొదలెట్టింది.

“మీరంతా మంచివాళ్ళే. దుర్మార్గుల్ని పట్టుకోడానికి చట్టాలున్నాయి. మంచివాళ్ళతోనే నాకు బెంగ. అర్థమైందా అమ్మా అని మీరు అడుగుతారు. కాలేదంటే డాక్టరుగారు చిన్నబుచ్చుకుంటారని ఆవిడ ఆఁ అంటుంది. మీరు వేలిముద్ర వేయించుకుంటారు. ఇందులో తప్పెవరిదో చెప్పండి చూద్దాం.”

అప్పుడావిడ పట్టీలు బయటికి తీసింది. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద వేసే తడిగుడ్డంత ఉన్నాయి, లోపల వెంట్రుకల్లాంటి తీగలు. జతలో ఒకటి అడిగేవాళ్ళకి, ఒకటి జవాబు చెప్పేవాళ్ళకి. అవతలి మనిషి ఆలోచనలేమీ వినపడవు. వాళ్ళు అర్థం చేసుకుని మనసారా ఒప్పుకుంటే మన నుదురు చల్లగా తేలికవుతుంది. అర్థం కాకపోయినా, ఇష్టం లేకపోయినా బరువెక్కుతుంది. దమయంతికి జతగా కూర్చున్న ఎముకల డాక్టరు ఆమె చెప్పేదానికి బుద్ధిగా తలాడిస్తుంటే ఆమె నుదురు బరువెక్కిపోయింది. “వినడం లేదు కదూ?” అని అడిగితే ఆయన నవ్వేసి, భోజనంలోకి ఏం పెడతారా అని ఆలోచిస్తున్నానని ఒప్పుకున్నాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. దమయంతికి ఏళ్ళతరబడి మూసుకున్న తలుపేదో తెరుచుకున్నట్టయింది.

ఒప్పందం కాగితంలో ఒక వాక్యం ఉంది. 'మీరు ఎప్పుడైనా “నేను వెళ్ళిపోతాను” అని చెప్పి ఈ పరిశోధన నుంచి తప్పుకోవచ్చు.' పైనుంచి వచ్చిన కాగితాన్ని ఎవరో మాటకి మాట తెలుగు చేశారు. పట్టీకి తగిలించిన పెట్టె ఆ మాట వినబడితే చాలు, ఆ మనిషి పేరు తనే తీసేస్తుంది. హాల్లో అందరూ తెలుగువాళ్ళే. ఒక్కరికీ ఆ వాక్యం కాలికి తగల్లేదు.

*

దమయంతి సొంతూరు జీడిపుట్టుగలో మూతపడ్డ జీడిపిక్కల గోదాంలో క్లినిక్ పెట్టారు. ఎంత కడిగినా గోడలకి జీడినూనె వాసన వదల్లేదు. దమయంతికి ఆ వాసన ఇష్టం. అది ఆమె చిన్నతనం వాసన.

పని నల్లేరు మీద బండిలా సాగింది. కాగితం చదివి వినిపించడం, పట్టీలు కట్టడం, సగంమందికి ఉత్త బిళ్ళ ఎందుకో విడమరిచి చెప్పడం. మొదట్లో నుదురు కాస్త బరువనిపించేది. వీళ్ళు ఒప్పుకుంటే బాగుండు, ఈ ఊరు బాగుపడితే బాగుండు అని దమయంతి కళ్ళు మూసుకుని అనుకునేది. కాసేపటికి నుదురు చల్లబడేది. అవతలి మనిషి “సరేనమ్మా” అనేవాళ్ళు, తడబాటు లేకుండా. తన జీవితంలో ఇంత శుభ్రమైన సరేలు ఆమె ఎప్పుడూ వినలేదు.

సొంతవాళ్ళని అడగకూడదని శిక్షణలో చెప్పారు. జీడిపుట్టుగలో ఆ నియమం పట్టుకు వేలాడితే అడగడానికి ఎవరూ మిగలరు, అందరూ ఏదో ఒక వరస. అలా అని సర్దిచెప్పుకుని దమయంతి తన పిన్ని అసిరమ్మని కూడా తనే కూర్చోబెట్టింది. తల్లి పోయాక దమయంతిని పెంచింది అసిరమ్మే. ఇదే గోదాంలో జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆవిడ వేళ్ళు నల్లబడి చర్మం ఊడిపోయి ఉన్నాయి. ఇప్పుడు కిడ్నీలు సగానికి పైగా పోయాయి.

“నానేటి సెప్పీదమ్మా, నువ్వడిగితే ఒద్దంటానేటి,” అంది ఆవిడ ముందు.

“అలా కాదు పిన్నీ. నీకు ఇష్టమైతేనే.”

పట్టీలు కట్టాక దమయంతి నుదురు ఎన్నడూ లేనంత బరువెక్కింది. పిన్ని బతకాలి, పిన్ని బతకాలి అని తప్ప ఇంకే ఆలోచనా ఆమెకి రాలేదు. బరువు మెల్లగా దిగింది. అసిరమ్మ తలెత్తి, ఎవరో నేర్పినంత స్పష్టంగా, “సరే, తీసుకుంటాను,” అంది. దమయంతికి కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఆ తర్వాతే ఆమెకి ఏదో అవడం మొదలైంది. పొద్దున్నే లేస్తే క్లినిక్కి వెళ్ళాలనిపించదు. బిళ్ళల సీసా చూస్తే నాలుక ముడుచుకుపోతుంది. కూరలబండి దగ్గర నిలబడితే బెండకాయలా, ఆనపకాయా అన్నది తేలదు. ఏది పట్టుకున్నా వద్దనిపిస్తుంది. అన్నిటికన్నా వింత, గోదాం గడప తొక్కితే చాలు, ఇష్టమైన ఆ జీడినూనె వాసనకి కడుపులో తిప్పుతోంది. గర్భమేమోనని పరీక్ష చేసుకుంది. కాదు.

“పని ఎక్కువై మనసు అలిసిపోయిందేమో,” అన్నాడు భర్త గోవర్ధన్. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. “శిక్షణలో నీతో ఉన్నవాళ్ళు కొందరు పని మానేశారన్నావు కదా. వాళ్ళకీ ఇదేనా?”

నిజమే, ఎముకల డాక్టరు సెలవు పెట్టాడని విన్నది. ఎవరిని అడిగినా ఒకటే మాట, ఏమిటో ఏదీ వద్దనిపిస్తోందని.

*

తవిటయ్య వరసగా రెండు విడతలు బిళ్ళలకి రాలేదు. కొబ్బరి దింపులు తీసే మనిషి, మొదట్లో అందరికన్నా ముందు ఒప్పుకున్నవాడు. పెట్టె అతని పేరు పక్కన 'మళ్ళీ వస్తానన్నారు' అని చూపిస్తోంది. దమయంతి బిళ్ళలు పట్టుకుని వాళ్ళింటికే వెళ్ళింది.

“నాను మానీసినాను కదమ్మా,” అన్నాడు తవిటయ్య ఆశ్చర్యంగా. “ఆ దినమే సెప్పినాను.”

“ఏమని చెప్పావు?”

“ఎల్లొస్తానని సెప్పినాను.”

“వెళ్ళొస్తానంటే మళ్ళీ వస్తాననే కదా.”

“అదేటమ్మా అలగంటావు. మానీసిన మనిసి గుమ్మం కాడ నిలబడి ఎలిపోతానంటాడేటి? శుభమా అది? మా నాయిన అలగే అన్నాడు, అన్న రెండోనాడు ఎలిపోనాడు.”

దమయంతికి నవ్వు రాబోయి ఆగిపోయింది. చిన్నప్పుడు తను బడికి బయల్దేరుతూ వెళ్తానంటే పిన్ని ముంజేతి మీద ఒకటి వేసి, వెళ్ళొస్తానని అనిపించేది. గడప దాటేటప్పుడు వెళ్తానన్న మాట పోయేవాళ్ళది. ఉండేవాళ్ళు ఎంత దూరం పోతున్నా వెళ్ళొస్తామనే అంటారు. ఈ సంగతి తెలిసి కూడా ఆ కాగితాన్ని ఇంటింటా తనే చదివింది. ఇంకెంతమంది వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళిపోయారో, వాళ్ళందరినీ పెట్టె ఇంకా ఉన్నట్టే లెక్కేసుకుంటోంది.

అయినా నియమం నియమమే. మానేస్తున్నట్టయితే మళ్ళీ పట్టీ కట్టి అడగాలి. కట్టింది. ఇంత దూరం వచ్చిన మనిషి జారిపోతున్నాడే అని బాధపడింది. తవిటయ్య కనుబొమలు ముడిపడి, విడిపోయాయి.

“సరే, ఇయ్యండి బిళ్ళలు,” అన్నాడు.

పక్కన జీడిగింజలు ఏరుతున్న అతని భార్య చేట కింద పెట్టేసింది. “ఇప్పుడే గదా ఒద్దన్నావు. ఇదేటి మాటమీద నిలకడ లేదు నీకు?”

తవిటయ్య పట్టీ విప్పి చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏటో తెల్దే. ఇది ఎట్టుకుంటే సరే అనాలనిపిస్తాది. తీసీసి ఇంటికెళ్ళి పడుకుంటే, అంది నానేనా అనిపిస్తాది.”

దారంతా దమయంతి ఆ మాటనే నములుతూ నడిచింది. చేతిసంచిలో మిగిలిన బిళ్ళలు గలగలలాడుతుంటే వాటిని తీసి చెట్టుకింద పారేయాలనిపించింది. తన మందు మీద తనకి ఈ ఏవగింపు ఎక్కడిదో ఆమెకి బొత్తిగా బోధపడలేదు.

*

ఆదివారం నాడు కాకరకాయలు ముందేసుకుని కూర్చుంది. కాకరకాయంటే దమయంతికి ప్రాణం, గోవర్ధన్‌కి గిట్టదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కాకరకాయ పేరెత్తితే ఆయన హోటలు భోజనం మాటెత్తుతాడు.

“ఒక్కసారి ఈ పట్టీ కట్టుకోండి,” అంది.

“ఎందుకు? మా ఊళ్ళో ఇంటి స్థలం రాయించుకుంటావా?” అని నవ్వుతూనే కట్టుకున్నాడు.

“ఇవాళ కాకరకాయ వేపుడు. తింటారా?”

“చస్తే తినను.”

నుదురు బరువెక్కింది. దమయంతి కళ్ళు మూసుకుని, ఈ మనిషి ఒక్కపూటైనా నాతో కూర్చుని కాకరకాయ తింటే ఎంత బాగుణ్ణు అని గట్టిగా కోరుకుంది. అన్నేళ్ళ కోరిక, తేలిగ్గానే వచ్చింది. నుదురు చల్లబడింది.

“సరే, వండు. బెల్లం మాత్రం వేయకు, చేదు పోతుంది,” అన్నాడు గోవర్ధన్.

వండింది. ఆయన వేపుడంతా కలుపుకుని తిని, మూకుడు అడుగున అంటుకున్నది కూడా గీకించుకున్నాడు. దమయంతి ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి దించేసింది. ఆ వాసనే పడలేదు. మజ్జిగన్నంతో లేచింది.

సాయంత్రం టీ తాగుతూ ఆయన ఉన్నట్టుండి మొహం చిట్లించాడు. “మధ్యాహ్నం నేను తిన్నది కాకరకాయేనా?”

“మీరే అడిగి మరీ తిన్నారు.”

“నేనే అన్నాను, గుర్తుంది. ఎందుకన్నానో గుర్తు లేదు.” ఆయన నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు. “దమయంతీ, మైకుని స్పీకరు ముందు పెడితే ఏమవుతుంది? దాని గోల దానికే వినబడుతుంది. నీకు చల్లగా తగిలింది నా ఇష్టం కాదు. నీదే, నాలోకి వచ్చి తిరిగి నీ దగ్గరికొచ్చింది.”

“మరి మీ 'వద్దు' ఏమైంది?”

దమయంతి వంటింట్లోకి వెళ్ళి మూకుడు కడగబోతూ మళ్ళీ ముక్కు మూసుకుంది. భర్త 'వద్దు' ఆయనకి తిరిగొచ్చిందిగానీ ఆమెకంటుకున్నది వదిలిపోలేదు. జీడిపుట్టుగలో పట్టీ కట్టించుకున్న ప్రతి మనిషి వద్దూ ఆమె దగ్గరే ఉండిపోయింది. వాళ్ళకి తన సరే ఇచ్చి, వాళ్ళ వద్దులన్నీ తను మోసుకొచ్చింది. ఇప్పుడు ఏ కూర వద్దో, ఏ పని వద్దో, అందులో తనదేదో, ఊరి వాళ్ళదేదో విడదీసుకునే దారి లేదు. ఆమెకి తన తల తనది కాదనిపించి భయమేసింది.

*

దమయంతి మర్నాడే శిక్షణ కేంద్రానికి వెళ్ళి చెప్పింది. హెలెన్ సుగుణ మేడమ్ అంతా విని, చేతిసంచిలో మురబ్బా కోసం చెయ్యి పెట్టి, తీయడం మర్చిపోయింది. పక్క హాల్లో కొత్త జట్టు చప్పట్లు వినబడుతున్నాయి.

“ఇక్కడ ఎప్పుడూ సరిగ్గానే పనిచేసిందమ్మా,” అంది.

“ఇక్కడ ఒకరి దగ్గర ఒకరికి ఏమీ అక్కర్లేదు మేడమ్. ఊళ్ళో నాకు వాళ్ళు కావాలి.”

ఆవిడ లేచి పక్క హాలు వైపు తలుపు మూసింది. “ఈ పట్టీలు ఎన్ని దేశాలకి పంపించామో,” అంది. “నీతి నేర్పుతున్నాననుకున్నాను.”

“ఇప్పుడేం చెయ్యమంటారు?”

“ఆ సరేలు ఒక్కటీ చెల్లవు. నేను పైకి రాస్తాను, శిక్షణ ఆపిస్తాను. నువ్వు వెళ్ళి అందరినీ మళ్ళీ అడుగు. పట్టీ లేకుండా.”

“పట్టీ లేకపోతే వాళ్ళ మనసు నాకెలా తెలుస్తుంది?”

“తెలియదు.” హెలెన్ సుగుణ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. “పట్టీ లేకపోయినా నీ మొహం చూసి ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. ఈ పట్టీ కొత్తగా ఏదైనా చేసిందో, మనం ఎప్పుడూ చేసేదే చేసి చూపించిందో నాకూ అర్థం కావడం లేదమ్మా. ఇన్నేళ్ళు పాఠం చెప్పి ఇవాళ నాకేమీ తెలియదంటున్నాను, ఏమీ అనుకోకు.”

దమయంతి ఊరికి తిరిగొచ్చి పెట్టెని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఒక్కొక్కరినే పిలిచి, మానేస్తే మానేస్తానని తిన్నగా అనమని చెప్పి అడిగింది. తవిటయ్య మానేశాడు. అతని చుట్టాలు కొందరు మానేశారు. కొందరు ఉంటామన్నారు. ఎందుకుంటామంటున్నారో అడిగితే తలోరకంగా చెప్పారు. అందులో ఏది ఎవరి మాటో ఆమెకి పాలుపోలేదు. పిన్నిని అడగడం మాత్రం చివరికి ఉంచుకుంది.

ఉంచుకోడానికి కారణం ఉంది. ఆ విడత రక్తపరీక్షలో అసిరమ్మ జబ్బు ముదరలేదు, ఎక్కడిదక్కడ ఆగింది. మందే పడుతోందో, ఉత్త బిళ్ళ మింగుతూ అదృష్టం కొద్దీ నిలబడిందో ఎవరికీ తెలియదు. మందేనని దమయంతి మనసు చెబుతోంది. ఆ మనసు మాటని నమ్మచ్చో లేదో కూడా ఇప్పుడామెకి తెలియదు. అడిగితే పిన్ని మానేస్తుందేమో. అడక్కపోతే, ఆ రోజు పిన్ని నోట పలికింది తన మాటే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది ఆమె పని.

*

అసిరమ్మ వచ్చి బల్ల మీద కూర్చుంది. కాగితం దమయంతే మళ్ళీ మొదటినుంచి చదివింది. మానుకోవాలంటే 'వెళ్ళిపోతాను' అనాలన్నదీ ఉన్నదున్నట్టు చదివింది, మానేస్తానంటే చాలని మిగతావాళ్ళకి చెప్పిన మాట పిన్నికి మాత్రం చెప్పలేదు.

“ఆ గుడ్డ కట్టవేటి?” అంది అసిరమ్మ.

“అది మంచిది కాదు పిన్నీ. ఆ రోజు నువ్వు సరే అన్నది నీ అంతట నువ్వు అన్నది కాదు. నా కోరిక నీలోకి దూరింది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఈ మందు నీకు కావాలా, వద్దా?”

“నీ ఇష్టమే నా ఇష్టం కదమ్మా.”

“నా ఇష్టం అడగొద్దు. నీదేటో సెప్పు పిన్నీ.” తెలియకుండానే చిన్నప్పటి మాట వచ్చేసింది.

అసిరమ్మ అయోమయంగా చూసింది. “ఇదేటి సోద్యమే. కడుపున పుట్టకపోయినా పెంచినాను. నీ కోరిక నాలోకి దూరిందంటే, మరి ఇన్నాళ్ళూ ఎక్కడుందేటి? నాను ఒండిన కూరలన్నీ నీ ఇష్టమే గదా. అందులో నాకేది ఇష్టమో ఇప్పుడడిగితే ఎలగ తెలుస్తాది?”

ఆవిడ నల్లబడ్డ వేళ్ళతో బల్ల అంచుని రాస్తూ గోడల కేసి చూసింది.

“ఒకటి మాత్రం ఎరుగుదును. ఈ జీడికంపు నాకు పడదు. ఎప్పుడూ పడలేదు. నీ సదువుకోసం పడినాను. బతుకంతా ఇందులో కూకున్నాను. ముసిలితనంలో మళ్ళీ ఇక్కడికే వొచ్చి కూకోవాలంటే కడుపులో దేవేస్తాది. ఆ బిళ్ళ మింగిన దినం అన్నం మట్టిలాగుంటాది.”

దమయంతి కడుపులో అదే క్షణాన అదే తిప్పింది. ఎవరి పట్టీ ఎవరి తలమీదా లేదు. ఇన్నాళ్ళుగా ఈ గడప తొక్కినప్పుడల్లా తనని పీడించింది ఏమిటో ఆమెకి తెలిసింది. పిన్ని 'వద్దు' మొదటిరోజు నుంచీ తన దగ్గరే ఉంది. అడక్కముందే జవాబు తన ఒంట్లో పెట్టుకుని తిరుగుతోంది.

“బిళ్ళలు ఇంటికి తెచ్చిస్తాను,” అంది ఆశగా.

“ఇంటికి తెచ్చినా బిళ్ళ బిళ్ళే గదమ్మా.”

ఇంకో మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీ జబ్బు ఆగింది పిన్నీ, ఇంకొన్నాళ్ళు మింగు, నా కోసం మింగు. ఆగిన సంగతి చెప్పడం ధర్మం, అది చెప్పింది. ఆగింది మందువల్లో కాదో తెలియదని కూడా చెప్పింది. నా కోసం అన్న మాటని మాత్రం పళ్ళబిగువున మింగేసింది. ఆ మాట ఎంత చేదుగా దిగిందో ఆమెకే తెలుసు.

అసిరమ్మ అంతా విన్నది. లేచి, చెంగు దులుపుకుని, గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. ఎప్పుడూ ఆగేది అక్కడే, ఎల్లొస్తానమ్మా అనేది అక్కడే. ఆ మాటంటే ఇప్పుడు ఉంటుందనుకోవాలో, మానేసిందనుకోవాలో దమయంతికి తెలియదు.

“ఆ కాయితంలో ఏమనాలన్నారో అదే అంటాను,” అంది అసిరమ్మ. “లేకపోతే నీకు తెల్దు.”

ద్వారబంధం మీద చెయ్యి వేసి, తన కూతురనుకున్న పిల్ల కళ్ళలోకి చూస్తూ, జన్మలో ఏ గడపలోనూ అనని మాట అంది.

“నాను ఎలిపోతానమ్మా.”

అలా అనకు పిన్నీ అని దమయంతి ప్రాణం కొట్టుకుంది. ముంజేతి మీద ఒకటి వేసి, మళ్ళీ ఎల్లొస్తానని అనిపించాలనుంది. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“సరే పిన్నీ,” అంది.

ఆ సరేలో ఆమె ఇష్టం ఆవగింజంత కూడా లేదు.